మడమ నొప్పిని పదికాలాలు నిలుపుకోవడం ఎలా?

నొప్పి లేని ఆటగాడి బతుకు దుర్భరం. తెల్లారుజామున లేవాలి, గ్రౌండ్ చుట్టూ చెప్పినన్ని రౌండ్లు కొట్టాలి, ఓడిపోతే ఓడిపోయానని ఒప్పుకోవాలి. నొప్పి ఉన్నవాడి దర్జా వేరు. గట్టు మీద కూర్చుంటాడు, స్టాప్‌వాచ్ పట్టుకుంటాడు, గెలిచినవాణ్ణి చూసి "నా మడమ బాగుండుంటేనా..." అని సగంలో ఆపేస్తాడు. ఆ సగం మాటకున్న విలువ పతకానికి లేదు. పతకం వస్తే ఒకసారి వస్తుంది, ఆ మాట ప్రతి ఆదివారం పనికొస్తుంది.

కానీ ఉత్త నొప్పితో ఎన్నాళ్లో నెగ్గుకు రాలేరు. నాలుగో వారానికి జనం అనుమానంగా చూస్తారు. "ట్రీట్‌మెంట్ నడుస్తోంది" అనగలగాలి. దానికి చైనా సూదుల వైద్యాన్నీ, దాని తోబుట్టువైన సెగ వైద్యాన్నీ మించింది లేదు. గంటసేపు కదలకుండా పడుకోవడమే చికిత్స అంటే ఎవరికి చేదు? ఒక్క చిక్కుంది. చెయ్యి తిరిగిన వైద్యుడి పాలబడితే కొంత ఉపశమనం కలిగే ప్రమాదం లేకపోలేదు. ఆ ప్రమాదం తప్పించడానికే ఈ చిట్కాలు. పిక్క నుంచి మడమకు దిగే లావుపాటి స్నాయువును, రన్నర్లంతా అకిలిస్ అని పిలుచుకునేదాన్ని, ఉదాహరణగా తీసుకుందాం. మోకాలివాళ్లూ భుజంవాళ్లూ ఇందులోంచే తమకు కావలసింది ఏరుకోవచ్చు.

1. జబ్బు పేరు తెలుసుకోకండి.

పొద్దున మంచం దిగిన మొదటి పది అడుగులు కుంటుతున్నారు, కాసేపు నడిస్తే సర్దుకుంటోంది. మీకు ఈపాటి సమాచారం చాలు. ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లారో, బోర్లా పడుకోమంటాడు. బొటనవేలూ చూపుడువేలూ ఆనించి ఆ స్నాయువును పిక్క నుంచి కిందికి నొక్కుకుంటూ వస్తాడు. మడమ ఎముకకు రెండు మూడు వేళ్ల పైన ఒకచోట మీరు "అబ్బా" అంటారు. అక్కడ రెండోసారి నొక్కుతాడు. పిక్క పిసికి, పాదం దానంతటది కదులుతోందో లేదో చూస్తాడు. ఈమధ్య సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ ఏదైనా వాడారా అంటాడు, అవి కొందరిలో ఈ స్నాయువును దెబ్బతీస్తాయి. వారానికి ఇరవై కిలోమీటర్లు పరిగెత్తేవారు ఒక్కసారిగా యాభైకి ఎందుకు ఎగబాకారని అడుగుతాడు. ఇన్నిటికీ జవాబిచ్చాక ఇక మిస్టరీ ఏం మిగులుతుంది? నేరుగా సూదుల క్లినిక్‌కి పొండి. అక్కడా ఎవరైనా బుద్ధిమంతుడు తగిలి "స్కాన్ ఏమైనా తీయించారా అండీ?" అంటే, రేపు తెస్తానని చెప్పి ఇంకో క్లినిక్ చూసుకోండి.

2. చరిత్ర బట్టీ పట్టండి, సగం వరకే.

ఎవరైనా నిలదీస్తే వెయ్యేళ్ల వెనక్కి పారిపోండి, అంతదూరం మీ వెంట ఎవరూ రారు. 1027లో సాంగ్ రాజుల కాలంలో వాంగ్ వెయ్‌యీ అనే వైద్యుడు నిలువెత్తు కంచు మనుషుల్ని పోత పోయించాడు. ఒంటి నిండా సూదులు గుచ్చే బిందువుల దగ్గర చిల్లులు. పైన మైనం పూసి, లోపల నీళ్లు నింపి, విద్యార్థి చేతికి సూది ఇచ్చేవారట. సరైన చోట గుచ్చితే నీరు కారాలి, కారకపోతే ఫెయిల్. ఈ కథ కళ్లు పెద్దవి చేసి చెప్పండి. మీ సూదులాయన ఏ పరీక్ష పాసయ్యాడన్న ఊసు మాత్రం ఎత్తకండి.

తర్వాత 1971కి రండి. న్యూయార్క్ టైమ్స్ జర్నలిస్టు జేమ్స్ రెస్టన్‌కి బీజింగ్‌లో అపెండిక్స్ ఆపరేషన్ అయింది. మామూలు మత్తు ఇంజెక్షన్లు ఇచ్చే కోశారు. రెండో రాత్రి కడుపు ఉబ్బరించి ఇబ్బంది పడుతుంటే మోచేతి దగ్గరా మోకాళ్ల కిందా సూదులు పెట్టి, మూలిక కాల్చి పొట్టకు సెగ చూపారు. ఆయన రాసింది అదే. మీరు మాత్రం "మత్తు లేకుండా సూదులతోనే పొట్ట కోశారట" అనండి. అమెరికాలో ఎందరో అలాగే చెప్పుకున్నారు, మీరొక్కరే నిజం చెప్పి ఎవరిని ఉద్ధరించాలి?

2010లో యునెస్కో ఈ వైద్యాన్ని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. "ఐక్యరాజ్యసమితే ఒప్పుకుంది" అని దబాయించండి. మన రామలీలా ఆ జాబితాలోనే ఉంది, రామలీల చూస్తే మడమ నొప్పి తగ్గుతుందని ఎవరూ అనలేదు కదా అని ఎవడో అతితెలివిపరుడు అంటాడు. వాడికి కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో ఆక్యుపంక్చర్‌కు గుర్తింపు ఇచ్చిందని చెప్పండి. గుర్తింపు వైద్య విధానానికా, మీ వీధి చివరి బోర్డుకా అని వాడు తేల్చుకునేలోపు మీరు ఇల్లు చేరొచ్చు.

3. అంకెల్లో మధ్యది మింగేయండి.

జర్మనీలో నడుం నొప్పి మీద 1,162 మందితో ఒక పరీక్ష చేసి 2007లో ఫలితాలు ప్రకటించారు. ఆరు నెలల తర్వాత చూస్తే సూదులు పెట్టించుకున్నవాళ్లలో 47.6 శాతం మందికి గుణం కనిపించింది. మందులు, వ్యాయామం లాంటి మామూలు వైద్యం పొందినవాళ్లలో 27.4 శాతమే. ఇక్కడ ఆగి గుటకెయ్యండి. ఎందుకంటే మూడో గుంపు ఒకటుంది. వాళ్లకు బిందువులు కాని చోట్ల, పైపైన, ఉత్తుత్తి సూదులు గుచ్చారు. వాళ్లలో 44.2 శాతం. అంటే ఎక్కడ గుచ్చామన్నది పెద్ద తేడా చేయలేదు, శ్రద్ధగా ఎవరో పడుకోబెట్టి చూసుకోవడమే సగం పని చేసినట్టుంది. నిజానికి ఆలోచించదగ్గ సంగతే. మనం ఆలోచించడానికి రాలేదు గనక ముందుకు పోదాం. అది నడుం, మీది మడమ అని కూడా ఎవరూ గమనించరు.

4. సిట్టింగులు ఎప్పటికీ పూర్తి కానివ్వకండి.

క్లినిక్‌లో పది సిట్టింగులంటారు. తొమ్మిదో దానికి క్లినిక్ మార్చండి. కొత్తాయన మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాడు, అది ఆయన ధర్మం. ఇలా మూడు క్లినిక్‌లు తిరిగితే ఏడాది సీజన్ సునాయాసంగా గడిచిపోతుంది. అపాయింట్‌మెంట్ వేళ విషయంలో నిక్కచ్చిగా ఉండండి. కోచ్ ఎత్తు మీదికి పరుగులు పెట్టించే రోజు ఏదో కనుక్కుని, సరిగ్గా ఆ పూటే బుక్ చేసుకోండి.

"ఏమయ్యా, రేపొస్తున్నావా?"

"రేపు సిట్టింగ్ ఉంది సార్. మధ్యలో ఆపితే చి వెనక్కి తన్నుతుందట."

చి అంటే ఏమిటని ఆయన అడగడు. అడిగితే "అదే సార్, ప్రాణశక్తి లాంటిది" అనండి. కోచ్‌లు శాస్త్రాన్నైనా ఎదిరిస్తారు గానీ ప్రాణశక్తితో పెట్టుకోరు.

ఫిజియో దగ్గరా ఇదే ఎత్తు పారుతుంది. ఇప్పుడు చాలామంది ఫిజియోలు అదే సన్నటి సూదితో, డ్రై నీడ్లింగ్ అనే పేరుతో, బిగుసుకున్న కండలో గుచ్చుతున్నారు. అది మాదేనని ఆక్యుపంక్చర్‌వాళ్లు, కాదు మా పద్ధతి వేరని ఫిజియోలు. ఈ తగవు మీ పాలిట వరం. ఫిజియో వ్యాయామాలు చెప్పగానే "ఆక్యుపంక్చర్ ఆయన వద్దన్నాడు" అనండి. ఆయన విశ్రాంతి చెబితే "ఫిజియో పరిగెత్తమన్నాడు" అనండి. ఇద్దరి ఫోన్ నంబర్లూ ఒకరివొకరికి ఇవ్వకండి.

5. సూది దగ్గర పొదుపు పాటించండి.

జపాన్‌లో సూదికొక లైసెన్సు, సెగకొక లైసెన్సు. మూడేళ్లు చదివి జాతీయ పరీక్ష రాయాలి. అంత చదివినవాడు మీ ముందే సీలున్న ప్యాకెట్ చింపుతాడు, చేతులు కడుక్కుంటాడు, పెట్టిన సూదులు ఎన్నో తీసేటప్పుడు లెక్క చూసుకుంటాడు, వాడినవాటిని గట్టి డబ్బాలో పడేస్తాడు. ఇంత తతంగానికి డబ్బు ఎవరు కట్టాలి? పాత సూదులనే స్పిరిట్‌లో ముంచి తుడిచేవాడి దగ్గర ఫీజు తక్కువ. హెపటైటిస్ బి ఇలాంటి సూదుల మీదుగానే పాకిన సందర్భాలున్నాయి. ఉండనివ్వండి, మడమ నొప్పి వల్లే గ్రౌండ్‌కి రాలేకపోతున్నారని ఎవరన్నారు? ఏదో ఒక కారణం కావాలి అంతే.

మడమ కోసం వెళ్లినా, "భుజాలు కూడా పట్టేసినట్టున్నాయి, ఊరికే పెడతాను" అంటే సరేననండి. మెడకూ భుజానికీ మధ్య కండ కింద ఊపిరితిత్తి పైకొస చాలా దగ్గర్లో ఉంటుంది. సూది లోతు తప్పితే ఛాతీలోకి గాలి చేరి ఊపిరితిత్తి ముడుచుకుంటుంది. కెనడా తరఫున ఒలింపిక్స్ ఆడిన జూడో క్రీడాకారిణికి 2006లో సరిగ్గా ఇదే జరిగింది. ఇంటికెళ్లే దారిలో ఆయాసం, ఛాతీలో పోటు వస్తే ఆస్పత్రికి పరిగెత్తకుండా "శక్తి కదులుతోంది కాబోలు" అనుకుంటే ఈ వ్యాసంలోని మిగతా చిట్కాలు చదివే శ్రమ కూడా మీకు తప్పుతుంది.

6. సెగ ఇంట్లోనే పెట్టుకోండి.

సెగ వైద్యానికి వాడేది మాచిపత్రి జాతి ఆకు. వినాయక చవితి పూజలో ఇరవై ఒక్క పత్రుల్లో మొట్టమొదట పేరు చెప్పి వేసేది, అదే. చైనాలో ఆ ఆకుల్ని ఎండబెట్టి, దంచి, జల్లించి, పీచు మాత్రమే మిగిలేదాకా శుభ్రం చేస్తారు. చేత్తో నలిపితే దూదిలా ఉంటుంది. దాన్ని కాగితంలో చుట్టి చుట్టలా చేసి, ఒక చివర అంటించి, చర్మానికి అంగుళం పైచిలుకు ఎడంగా పట్టుకుంటారు. చర్మం ఎర్రబడి హాయిగా వెచ్చగా అనిపిస్తే చాలు, తీసేస్తారు. ఒక్కోసారి పలచటి అల్లం బిళ్ల మీద చిన్న ముద్ద పెట్టి కాలుస్తారు. ఓపికతో కూడిన పని. అందుకే మీరు అలా చేయకండి.

చవితి మర్నాడు నిమజ్జనానికి పోయే పత్రిలోంచి నాలుగు రెమ్మలు ఏరుకోండి. తడిగా ఉన్నా పరవాలేదు, పొగ బాగా వస్తుంది. ముందు నొప్పి స్ప్రే దండిగా కొట్టి చర్మం మొద్దుబారనివ్వండి. అప్పుడు ఎంత దగ్గరగా పెట్టినా వేడి తెలియదు. చీలమండ అప్పుడే బెణికి, వాచి, ముట్టుకుంటే కాలిపోతోందా? పాతకాలం చైనా వైద్యులు కూడా అలాంటి వేడి వాపు మీద సెగ పెట్టడానికి జంకుతారు. మీరు జంకకండి. బొబ్బ లేస్తే ఫొటో తీసి టీమ్ వాట్సాప్ గ్రూపులో పెట్టండి. బొబ్బకున్న సాక్ష్యబలం ఎమ్మారై రిపోర్టుకు లేదు.

హాస్టల్లో ఉండేవాళ్లకు ఒక అదనపు లాభం. ఆ పొగ వార్డెన్ ముక్కుకు అచ్చం గంజాయి వాసనే. తలుపు దబదబా బాదుతాడు, గది సోదా చేస్తాడు, విచారణ వేస్తారు. విచారణ జరిగినన్నాళ్లూ ప్రాక్టీసు ఉండదు.

జపాన్ కవి బషో 1689లో ఉత్తరాదికి కాలినడకన బయల్దేరే ముందు మోకాళ్ల కింద సెగ పెట్టించుకున్నాడు. ఆ తర్వాత నెలల తరబడి కొండలూ పల్లెలూ నడిచాడు. మీరు ఆయన అడుగుజాడల్లోనే నడవండి, మొదటి భాగం వరకు.

7. నూట ఎనభై అనే అంకె జోలికి పోకండి.

ఇది ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక. అకిలిస్ నొప్పికి ఒక వ్యాయామం ఉంది. మెట్టు అంచున పాదం ముందు భాగం ఆనించి నిలబడాలి. మడమను మెల్లగా, చాలా మెల్లగా, అంచు కిందికి దించాలి. పైకి లేచేటప్పుడు రెండో కాలు సాయం. మోకాలు నిటారుగా పెట్టి మూడు విడతల పదిహేను, మోకాలు వంచి మూడు విడతల పదిహేను, పొద్దునొకసారి, సాయంత్రమొకసారి. రోజుకు నూట ఎనభై. పన్నెండు వారాలు. చేస్తున్నప్పుడు కొంత నొప్పి పుట్టినా ఆపకూడదట. చదువుతుంటేనే పిక్కలు పట్టేస్తున్నాయి కదూ?

దీని పుట్టుక కథ విన్నారంటే మరీ భయపడతారు. స్వీడన్‌లో హోకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ అనే ఎముకల సర్జన్ తానే రన్నర్. ఆయనకే అకిలిస్ నొప్పి పట్టుకుంది. ఆపరేషన్ చేయమని పై డాక్టర్‌ని అడిగితే, ఇంతమాత్రానికి కోయడం కుదరదు పొమ్మన్నాడట. సరే, పూర్తిగా పాడు చేసుకునే వస్తానని, నొప్పి ఎక్కువయ్యేలా మడమ దించడం మొదలుపెట్టాడట. స్నాయువు తెగలేదు. నొప్పి పోయింది. 1998లో పదిహేను మంది రన్నర్ల చేత ఇదే చేయించి ఫలితం ప్రచురించాడు, పన్నెండు వారాల్లో వాళ్లంతా మళ్లీ పరుగందుకున్నారు.

చూశారా ప్రమాదం? చెడగొట్టుకోవాలని చిత్తశుద్ధితో పూనుకున్న మనిషే బాగుపడిపోయాడు. కాబట్టి కాలు పాడు చేసుకునే ఉద్దేశంతో కూడా వ్యాయామం చేయకండి. తెలివైన వైద్యులు రెండూ కలిపి చెబుతుంటారు, సూదులతో కాస్త నొప్పి తగ్గించి, ఆ వెసులుబాటులో వ్యాయామం చేయించడం. "సూదులు సరే, రెండోది వచ్చే నెల నుంచి" అనండి. ఎప్పుడు అడిగినా అదే అనండి.

8. పొడి ఇస్తే వేసుకోండి, పేరు అడగకండి.

కొన్ని చోట్ల సూదులతో పాటు మూలికల పొట్లం కూడా చేతిలో పెడతారు. చైనా మూలికల్లో మాహువాంగ్ అనేదొకటి ఉంది, అందులో ఎఫెడ్రిన్ ఉంటుంది. పోటీ రోజున మూత్రంలో అది మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములు దాటితే డోపింగే. తెలియక వేసుకున్నాను అన్నా కేసు కేసే. కానీ మీకు కావలసింది సెలవే కదా? నాలుగు సిట్టింగులకంటే నిషేధం ఎక్కువ కాలం వస్తుంది. గదిలో సిరంజి కూడా ఒకటి పడేసుకోండి. 2018లో గోల్డ్ కోస్ట్ కామన్‌వెల్త్ క్రీడల్లో గదిలో సిరంజిలు దొరికినందుకే ఇద్దరు భారత అథ్లెట్లను ఇంటికి పంపేశారు. విమానం టికెట్ వాళ్లే చూసుకుంటారు.

9. తగ్గకపోతే గోంగూర మీదికి తోయండి.

"నిన్న అత్తయ్య గోంగూర పప్పు పెట్టింది, కాదనలేకపోయాను, వాతం చేసింది." పని జరుగుతుంది. గోంగూర దొరకని కాలంలో వంకాయ. తగ్గిందనుకోండి, ఆ ఖ్యాతంతా సూదులకే ఇవ్వండి. మధ్యలో మూడు వారాలు మీరు పరిగెత్తలేదని, ఆ విశ్రాంతికే స్నాయువు కాస్త తేరుకుందని పొరపాటున కూడా అనకండి.

10. పోటీ రోజున తెగించండి.

ఇన్నాళ్లూ కూడబెట్టుకున్నదంతా చేతికొచ్చే రోజు ఇదే. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ పొద్దున లేస్తూనే సూదులు పెట్టించుకోండి. పిక్క మధ్యలో చెంగ్‌షాన్, చీలమండ ఎముకకూ అకిలిస్‌కూ మధ్య గుంటలో కున్‌లున్. బరువుగా, తిమ్మిరిగా, కాస్త గుంజినట్టు ఉంటుంది, అలాగే ఉండాలంటారు. కాసేపు నొప్పి మందగిస్తుంది. నొప్పి మందగించింది కాబట్టి స్నాయువు బాగుపడింది అనే సూత్రం మీద పూర్తి 42 కిలోమీటర్ల లైనులో నిలబడండి. వార్మప్ అక్కర్లేదు, సూదులు చేశాయిగా.

ఫ్లైఓవర్ ఎక్కుతుండగా మడమ వెనక "టప్" మంటుంది. ఎవరో వెనకనుంచి గట్టిగా తన్నినట్టే ఉంటుంది, అకిలిస్ తెగినవాళ్లు చాలామంది వెనక్కి తిరిగి చూస్తారు. మీరూ తిరగండి. వెనక ఎవరూ ఉండరు. అయినా కాస్త దూరంలో వస్తున్న నీలం టీషర్టు కుర్రాణ్ణి చూపించి "వీడే" అనండి. వాడు ఆ రోజు పూర్తి చేస్తాడు, మీకు మాత్రం తొక్కినవాడొకడు దొరుకుతాడు.

స్ట్రెచర్ మీద పడుకున్నాక మర్యాదగా వ్యవహరించండి. కట్టు ఎన్ని వారాలని సర్జన్‌ని అడక్కండి. ముందు ఫోన్ తీసి మూడో క్లినిక్‌కి చేయండి. ప్యాకేజీకి డబ్బు ముందే కట్టారు, ఇంకా నాలుగు సిట్టింగులు మిగిలే ఉన్నాయి. వాటిని బావమరిది పేరు మీదికి మార్పించండి. అతనికి ఈమధ్యే భుజం పట్టేసిందట.